దిగినవాడు పిలిచేదాకా

కామారెడ్డి, ఎల్లారెడ్డి వెళ్ళొచ్చానని చెప్పగానే మా బందరులో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" కోట ఉందా, కొండ ఉందా, జలపాతం ఉందా అని. "బెల్లం ఉంది" అని చెప్పి, తెచ్చిన దాంట్లోంచి తలా ఒక ముక్క చేతిలో పెట్టి పంపించేశాను. నిజానికి నేను చూసింది ఒక బావి. ఆ బావి ఒడ్డున ఒక ముసలామె అరచేత్తో నా నోరు మూసేసింది. ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు పాఠం చెప్పినదాన్ని. అంతకు ముందు నా నోరు మూయించిన మనిషి లేడు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వెళ్ళిన పని చిన్నదే. మా క్రైస్తవ సంఘాల పెద్దలు కొందరు కమిటీగా కూడి, కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్ళ కోసం ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. గుడిలో ప్రతి ఆదివారం అందరం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పుకుంటాం. తండ్రిని, కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను ఏమని నమ్ముతున్నామో క్లుప్తంగా చెప్పే మాటలవి. నోటికి వచ్చినంత బాగా బుర్రకు ఎక్కవు. అందుకని ఒక్కో మాటకి అర్థం, ఒక్కో గుర్తుకి బొమ్మ పెట్టి పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. రాశాను. అచ్చుకు ఇచ్చేముందు పల్లెల్లో చదివి వినిపించి, ఎక్కడ అందడం లేదో చూసుకు రమ్మన్నారు.

ఒక్క సంగతి ముందే ఒప్పుకోవాలి. యేసు సిలువ మీద చనిపోయాడు, పాతిపెట్టారు అన్న తర్వాత ప్రమాణంలో "పాతాళమునకు దిగెను" అని ఒక మాట ఉంది. మూడవ దినమున లేచాడన్న మాట ఆ తర్వాత వస్తుంది. ఈ పాతాళం మాట మా కమిటీలో ఎవరికీ నచ్చలేదు. దేవుడి కొడుక్కి అక్కడేం పని అని పల్లెవాళ్ళు అడిగితే ఏం చెబుతాం? కొన్ని సంఘాలవాళ్ళు ఎలాగూ ఆ మాట చెప్పరు, మనమూ తీసేద్దాం అన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

కామారెడ్డి: తాళ్ళ దుకాణం

చిన్న లైను బండి దిగి స్టేషన్ బయటికి రాగానే బెల్లం వాసన కొట్టింది. ఎటు చూసినా చెరకు బళ్ళు, గోనె పరిచి పేర్చిన బెల్లం ముద్దలు, వాటి చుట్టూ కందిరీగలు. మా ఊళ్ళో గాలికి ఉప్పు వాసన ఉన్నట్టే ఇక్కడ తీపి వాసన. చాయ్ అరవై పైసలు. మేం కాఫీని ఊదుకుంటూ తాగుతాం గదా, వీళ్ళు చాయ్‌ని సాసర్లో పోసుకుని ఒక్క పీల్పులో తాగేసి వెళ్ళిపోతున్నారు. నేనూ అలాగే తాగబోయి చీర మీద పోసుకున్నాను.

బజారు మధ్యలో నా సంచీ పిడి తెగింది. పుస్తకం రాతప్రతులు, బొమ్మల కాగితాలు, బందరు లడ్డూల డబ్బా అన్నీ రోడ్డు పాలయ్యాయి. ఎదురుగా తాళ్ళు, మోకులు, బొక్కెనలు అమ్మే దుకాణం ఉంది. దుకాణదారు కరీం భాయి, గడ్డం నెరిసిన మనిషి, పరుగెత్తుకొచ్చి కాగితాలు ఏరిపెట్టాడు. లోపల కూర్చోబెట్టి సంచీకి కొత్త తాడు కడుతూ ఒక బొమ్మ వైపు వేలు చూపించాడు.

"అమ్మా, మా దుకాణంల సామాను మీ కితాబుల ఎట్లొచ్చింది?"

అది లంగరు బొమ్మ. పూర్వం క్రైస్తవులు నిరీక్షణకు గుర్తుగా లంగరును చెక్కేవారని చెప్పి, ఓడ కొట్టుకుపోకుండా దాన్ని సముద్రంలో దింపుతారని వివరించాను. మా తమ్ముడు ఏసుపాదం లాంచీ మీద పనిచేసేవాడు. ఆ లాంచీ లంగరే మనసులో పెట్టుకుని ఆ బొమ్మ గీయించాను. ఆ మాట మాత్రం కరీం భాయితో అనలేదు.

"సముందర్ ఏడున్నదమ్మా ఈడ?" అని నవ్వి, ఆయన తల పైకెత్తి చూపించాడు. దూలానికి ఇనుప కొక్కేల గుత్తులు వేలాడుతున్నాయి. "గిది గాలం. బావిల బొక్కెన పడితె గీంతోని దేవులాడి తీస్తరు. మీ బొమ్మ సూడుండ్రి, మా గాలం సూడుండ్రి. ఫరక్ ఏమన్న ఉన్నదా?"

"రెండూ ఒకటెలా అవుతాయండీ? లంగరు పనేమిటి, గాలం పనేమిటి?" అన్నాను. టీచర్ని కదా, తప్పు చెబితే ఊరుకోలేను.

"పోయిందనుకున్నది మల్ల పైకొస్తదని ఆశ వెట్టుకుంటెనె గద గాలం కొంటరు. లేకుంటె కొత్త బొక్కెన కొనుక్కుంటరు" అన్నాడాయన.

తాడుకి డబ్బు తీసుకోమంటే వద్దన్నాడు. లడ్డూ ఇస్తే మాత్రం తీసుకుని, ఒకటి తిని, ఇంకోటి ఇంట్లోవాళ్ళకని కాగితంలో చుట్టుకున్నాడు. ఈ ఊరివాళ్ళకి లంగరు అర్థం కాదని నా పుస్తకం అంచున రాసుకున్నాను. కాస్త కోపంగానే రాసుకున్నాను.

లింగంపేట దారి: పిలాతు హయాం

మర్నాడు ఎల్లారెడ్డి బస్సులో నా పక్కన మెడకు దస్తీ చుట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. పాతకాలంలో పట్వారీల దగ్గర, అంటే మా వైపు కరణాల దగ్గర, రాతకోతలు చేసేవాడట. బస్సు ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఆయనకు దండం పెడుతున్నారు. నా చేతిలో కాగితాలు చూసి అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని, రిజిస్ట్రీ కాగితం చదివినట్టు పైకి చదవడం మొదలుపెట్టాడు. బస్సులో సగం మంది విన్నారు.

"పొంతి పిలాతు అంటె ఎవలమ్మా?"

"ఆ దేశానికి అప్పట్లో రోమావాళ్ళు పెట్టిన అధిపతండీ. యేసుకు మరణశిక్ష వేసింది ఆయనే."

"సంపినోని పేరు వారంవారం తల్సుకుంటరా?"

ఇది నన్ను చాలామంది అడిగారు. పుస్తకంలో దీనికి పేజీన్నర సంజాయిషీ రాశాను. చదివి వినిపించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు సమజైంది. మేం కాయితం రాస్తె, ఫలానా తాసిల్దారు హయాంల అని రాస్తుంటిమి. ఆయన మంచోడా సెడ్డోడా అని కాదు. గా పేరుంటెనె, గిది ఫలానప్పుడు, ఫలానకాడ నిజంగ అయిందని. పేరు లేకుంటె కత అయితది. గంతే గదా?"

అంతేనండీ అన్నాను. నా పేజీన్నర అక్కడికక్కడే కొట్టేసి, ఆయన మాట రాసుకున్నాను. ముందు సీటులో పేలాలు నముల్తున్న ఒకావిడ వెనక్కి తిరిగి, "పంతులు పటేలు మీ దేవుని పేర గూడ పట్టా రాసిండు" అంది. బస్సంతా నవ్వింది. ఆయనకూ లడ్డూ పెట్టాను. "మెత్తగున్నది. నా అసొంటి పండ్లు లేనోళ్ళకు మంచిగుంటది" అన్నాడు. మా ఊరి లడ్డూకి ఇంత నిజాయితీ గల మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ఎల్లారెడ్డి: ఏడుగురిలో ఒకరు

ఎల్లారెడ్డిలో నేను దిగింది సొలొమోను అయ్యగారింట్లో. ముప్పై దాటిన పాస్టరు, నెమ్మదస్తుడు, ఎవరితోనైనా సగం మాట గొంతులోనే ఉంచుకుని మాట్లాడతాడు. గుడి పెంకుటిల్లంత ఉంది. మా గుడిలో బెంచీలు, ఇక్కడ ఈత చాపలు. చెప్పులు బయటే విడవాలి. మా దగ్గర చెప్పులతోనే వెళ్తామని చెబితే అయ్యగారి భార్య నన్ను జాలిగా చూసింది.

నేను వెళ్ళిన సమయానికి ఊరంతా ఆదివారం గురించే మాట్లాడుతోంది. ఆ రోజు, ఈ చుట్టుపక్కల పాస్టర్లందరికీ పై అధికారి అయిన పెద్దయ్యగారు వచ్చి ఏడుగురికి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ళ పద్ధతేమిటంటే, నీళ్ళలోకి దిగేముందు ప్రతి ఒక్కరూ అందరి ముందూ ఒంటరిగా ప్రమాణం చెప్పాలి. మధ్యలో ఎవరైనా మాట అందించాల్సి వస్తే ఆ మనిషి మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. చదువు రానివాళ్ళకి ఇది అన్యాయం కాదా అన్నాను. పెద్దయ్యగారి నియమమని అయ్యగారు నేల చూశారు.

సాయంత్రం ఏడుగురూ వచ్చి అప్పచెప్పారు. ఆరుగురు గడగడా చెప్పేశారు. ఏడో మనిషి సాయవ్వ. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. నల్లగా, బక్కగా, నిటారుగా ఉంది. రాళ్ళు మోసి మోసి మెడ గట్టిపడింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. గొంతు స్పష్టంగా ఉంది, ఒక్క మాట జారలేదు. పిలాతు వచ్చాడు, సిలువ వచ్చింది, సమాధి వచ్చింది. "పాతాళమునకు దిగెను" అంది. ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? "మూడవ దినమున..." అని అందించేశాను.

సాయవ్వ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. ఇక ఒక్క మాట రాలేదు.

అయ్యగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం నాలుగు మైళ్ళు నడిచి వస్తుందట. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకి, బాప్తిస్మం లేనివాళ్ళు తీసుకోకూడదు కనుక, తనంతట తానే లేచి బయట మెట్టు మీద కూర్చుంటుందట. రెండేళ్ళు వరసగా ఇదే మాట దగ్గర ఆగింది. రెండేళ్ళూ పెద్దయ్యగారు మాట అందించి, వచ్చే ఏడు చూద్దామన్నారు.

"వచ్చే ఏడు అంటె... అప్పటిదాంక ఆమె పానం ఉంటదో లేదో టీచరమ్మా" అన్నారాయన.

నాకు గర్వంగా అనిపించింది. ఈ చిక్కు విడదీసే మందు నా సంచీలోనే ఉంది మరి. పుస్తకం తీసి సాయవ్వ దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, మీ కష్టం తీరిపోయింది. మీరు తడబడే మాట ఈ కొత్త పుస్తకంలో లేదు. ఇది చెప్పండి, చాలు. పెద్దయ్యగారితో నేను మాట్లాడతాను."

"ఏ మాట?"

"పాతాళానికి దిగాడన్న మాట."

"లేదా? ఎవలు తీసిన్రు?"

"మేమే అవ్వా."

సాయవ్వ నన్ను తేరిపార చూసింది. కొంగు నడుముకు చుట్టుకుంది. "గట్లయితె నాకు నీళ్ళద్దు బిడ్డా" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పూట అయ్యగారి భార్య జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రెండూ బాగున్నాయి. నాకే ముద్ద దిగలేదు.

బావి ఒడ్డు

శనివారం పొద్దున్నే, సాయవ్వకు నచ్చజెప్పి తీసుకొద్దామని బయలుదేరాం. ఆ దారికి బస్సు లేదు. అయ్యగారు తన సైకిలు వెనక నన్ను ఎక్కించుకున్నారు. యాభై రెండేళ్ళ మనిషి సైకిలు కారియర్ మీద ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వాగు ఇసకలో ఇద్దరం పడ్డాం. ఆయన నాకు క్షమాపణ చెబుతూనే ఉన్నారు, నేను నవ్వుతూనే ఉన్నాను.

సాయవ్వ ఇంటి దగ్గర లేదు. పొలాల్లో ఒక బావి దగ్గర ఉందన్నారు. వాళ్ళది బావులు తవ్వే కుటుంబం. ఎండలు ముదిరి నీళ్ళు అడుగంటితే రైతులు వీళ్ళను పిలిచి బావి లోతు చేయిస్తారు. మేం వెళ్ళేసరికి అప్పుడే బండ పగలగొట్టే తూటా పేల్చారట, మందు వాసన ఇంకా ఉంది. ఒడ్డున పదిమంది దాకా నిలబడి ఉన్నారు. నలుగురు మోకు పట్టుకున్నారు. మోకు కొసన తట్టలో నిలబడి ఒక మనిషి లోపలికి దిగుతున్నాడు. ఆ దిగేవాడు సాయవ్వ కొడుకు మల్లేశు. తూటా పేలాక మొదట ఒక్కడే దిగి, పక్కల్లో వదులైన రాళ్ళేమైనా ఉన్నాయేమో చూడాలట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది సాయవ్వ ఒక్కతే.

"అవ్వా! నిన్న మీరు అలా వెళ్ళిపోతే ఎలా? నేను చెప్పేది కాస్త..."

ఇంకో మాట రాలేదు. సాయవ్వ రెండంగల్లో వచ్చి అరచెయ్యి నా నోటికి అడ్డంగా పెట్టి నొక్కింది. గరుకు చెయ్యి, మట్టి వాసన. ఆమె నన్ను చూడటం లేదు, బావిని చూస్తోంది. ఒడ్డున ఎవరూ కదలడం లేదు. ఒకాయన బుగ్గలోని ఆకువక్క నమలడం కూడా ఆపేశాడు. మోకు కిర్రుమంటోంది. లోపలెక్కడో ఒక గులకరాయి రాలి నీళ్ళలో పడ్డ చప్పుడు పైకి వినిపించింది. అంత నిశ్శబ్దం నేను గుడిలో కూడా ఎరగను.

చాలాసేపటికి కింది నుంచి కేక వచ్చింది. "వస్తున్న! గుంజుండ్రి!"

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు. సాయవ్వ చెయ్యి తీసింది.

"ఏమనుకోకు బిడ్డా. మనిషి దిగినంక, ఆడికెల్లి వాడు పిలిచేదాంక ఒడ్డు మీద సప్పుడు చెయ్యరాదు. రాయి జారితె ఇనవడాలె. వాడు మెల్లగ పిలిచినా ఇనవడాలె. మనం మాట్లాడితె వాడు ఒక్కడైపోతడు."

నేను అయ్యగారి వైపు తిరిగాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అవ్వా, ప్రమాణంలో ఆ మాట దగ్గర మీరు..."

"దిగెను అన్నంక ఊకోవద్దా మరి?" ఆమెకు నా ప్రశ్నే వింతగా ఉంది. "మూడు దినాలు ఉన్నడు గద కింద. నేను దినానికొక్క ఊపిరన్న ఆగుత. మూడు ఊపిర్లు. మీరేమొ మధ్యల మాట్లాడుతరు. పెద్దయ్యగారు మాట్లాడుతడు. గట్ల మాట్లాడితె నాకు కాళ్ళు సేతులు సల్లవడుతయి. ఇగ మాట రాదు."

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు సాయవ్వా?" అని అయ్యగారు అడిగారు.

"మీకు ఎర్కె అనుకున్న. అందరికి ఎర్కె ఉంటదనుకున్న."

మేం గడ్డివాము నీడలో కూర్చున్నాం. సాయవ్వ అంబలి పోసి ఇచ్చింది, ఉల్లిగడ్డ చితక్కొట్టి పక్కన పెట్టింది. అది తాగుతుంటే చెప్పింది. భర్త గంగారాం ఇలాంటి బావిలోనే పోయాడు. తూటా పేలాక దిగాడు, పక్క కూలింది. ఇంకా రాళ్ళు జారుతున్నాయని రోజంతా ఎవరూ దిగలేదు. మనిషి బతికి లేడని అందరికీ తెలుసు. రెండో రోజు పక్క ఊళ్ళో పనిచేస్తున్న మస్తాన్ అనే సాయిబు విని వచ్చాడు. మోకు నడుముకు కట్టుకున్నాడు.

"సచ్చినోని కోసం నువ్వెందుకు సస్తవురా అన్నరు అందరు. ఆయన ఏమన్నడెర్కేనా? 'మనిషి సచ్చినా ఆడనే ఇడిసిపెట్టొద్దు' అన్నడు. దిగిండు. మేం నోరు మూసుకొని నిలవడ్డం. ఎంతసేపో. వస్తున్న అని కేకేసిండు. నా మొగన్ని ఈపుకు కట్టుకొని వచ్చిండు."

ఆ తర్వాత కొన్నేళ్ళకి ఎల్లారెడ్డి గుడికి ప్రహరీ కడుతుంటే సాయవ్వ రాళ్ళు మోయడానికి వెళ్ళింది. లోపల జనం ప్రమాణం చెబుతున్నారు. పాతాళమునకు దిగెను అన్న మాట చెవిన పడి, తట్ట నెత్తిన పెట్టుకునే అలాగే నిలబడిపోయిందట.

"ఎవలో దిగిన్రు అన్నరు. పైకొచ్చిండా లేదా అని నిలవడ్డ. వచ్చిండన్నరు. గప్పటికెల్లి వస్తున్న గుడికి. మిగతా మాటలన్ని మీ అందరియి బిడ్డా. గది ఒక్కటి నాది. గది తీసేస్తె నాకేం మిగుల్తది?"

నా సంచీలోంచి కాగితాలు జారి ఉన్నాయి. లంగరు బొమ్మ పైన ఉంది. ఆమె దాన్ని చూసి, "గాలం" అంది తాపీగా.

అప్పుడు మా తమ్ముడి సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పాలనుకోలేదు, చెప్పేశాను. ఉప్పెన వచ్చిన ఏడు లాంచీతో పాటు పోయాడు. మనిషి దొరకలేదు. ఖాళీ పెట్టె పాతిపెట్టాం. పాతాళమనే మాట వచ్చినప్పుడల్లా నేను గబగబా చెప్పి దాటేస్తాను. కమిటీలో అందరికంటే ముందు చెయ్యెత్తింది పల్లెవాళ్ళ కోసం కాదు. అది నాకే అప్పటిదాకా తెలియదు.

సాయవ్వ ఆ లంగరు బొమ్మను చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది. "ఎవలన్న దిగిన్రా ఆ పిలగాని కోసం?"

"సముద్రం అవ్వా. ఎవరు దిగుతారు?"

"దిగినోడు ఉన్నడు గద బిడ్డా. నువ్వే కొట్టేసినవ్."

ఏడ్చాను. బావి పనివాళ్ళ ముందు, అయ్యగారి ముందు, అంబలి చెంబు చేతిలో పట్టుకుని ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

ఆదివారం

ఎల్లారెడ్డి సంఘంలో బాప్తిస్మాలు ఒక దిగుడుబావిలో ఇస్తారు. రాతి మెట్లు నీళ్ళదాకా ఉంటాయి. పొద్దున్నే అక్కడికి చేరాం. సాయవ్వ తెల్ల చీర కట్టుకుని వచ్చింది. మల్లేశుతో పాటు బావి పనివాళ్ళూ వచ్చారు. 'దిగెను' అన్న మాట ప్రమాణంలో ఉంటుందని అయ్యగారు ఆమెకు రాత్రే కబురు పంపారు. అయితే పెద్దయ్యగారికి విషయం ముందుగా చెప్పాలి కదా. ఆయన జీపు దారిలో ఆగిపోయి ఆలస్యంగా వచ్చారు. ఇంకో ఊళ్ళో జనం ఎదురుచూస్తున్నారట, దిగుతూనే చేతి గడియారం చూసుకున్నారు. అయ్యగారు "సాయవ్వ గురించి ఒక మాట..." అనబోతే, "తరువాత, తరువాత" అంటూ మెట్ల దగ్గరికి నడిచారు.

ఆరుగురు చెప్పారు. ఆరుగురికీ తలూపారు. సాయవ్వ ముందుకు వచ్చింది. ఆయన ఆమెను గుర్తుపట్టారు. మంచి మనిషే, మొహంలో జాలి కనిపించింది. ఆ జాలి చూస్తే నాకు భయమేసింది.

సాయవ్వ కళ్ళు మూసుకుంది. మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. పిలాతు హయాం దాటింది. సిలువ, సమాధి. "పాతాళమునకు దిగెను."

ఆగింది.

మొదటి ఊపిరి. ఒడ్డున మల్లేశు పక్కనున్నవాళ్ళంతా కదలకుండా నిలబడిపోయారు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. రెండో ఊపిరి. పెద్దయ్యగారు కాస్త ముందుకు వంగి, మాట అందిద్దామని నోరు తెరిచారు.

అప్పుడు సొలొమోను అయ్యగారు, సగం మాట గొంతులోనే ఉంచుకునే ఆ మనిషి, తన పెద్ద ముందు అరచెయ్యి ఎత్తి పట్టారు. మొహానికి జానెడు దూరంలో. పెద్దయ్యగారు నిర్ఘాంతపోయి ఆ చేతిని చూశారు, అయ్యగారిని చూశారు, తర్వాత ఒడ్డున నిలబడ్డ జనాన్ని చూశారు. ఏమర్థమైందో ఏమో, తెరిచిన నోరు మూసుకున్నారు.

మూడో ఊపిరి.

"మూడవ దినమున మృతులలోనుండి లేచెను" అంది సాయవ్వ. ఆ గొంతు బావి గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. అక్కడి నుంచి చివరిదాకా, పాప క్షమాపణ, శరీర పునరుత్థానం, నిత్య జీవం అన్నీ తడుముకోకుండా చెప్పింది. ఆమేన్ అని కళ్ళు తెరిచి నవ్వింది.

ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగారు. దిగినప్పుడల్లా పాట పాడారు. సాయవ్వ మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం ఎవరూ పాట ఎత్తలేదు. అంతమంది జనం చప్పుడు లేకుండా ఒడ్డున నిలబడ్డారు. పెద్దయ్యగారు ఆమెను నీళ్ళలో ముంచి లేపారు. తడిసిన మొహం తుడుచుకోకుండానే ఆమె పైకి చూసి, కొడుకు కోసమో, మా అందరి కోసమో, ఇంకెవరికోసమో, కేక వేసింది.

"వస్తున్న!"

జనం ఒక్కసారిగా పాట అందుకున్నారు. మల్లేశు మెట్లు దిగి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత గుడిలో బల్ల దగ్గర రొట్టె పంచే వేళకి, సాయవ్వ అలవాటు కొద్దీ లేచి గుమ్మం దాకా నడిచింది. అయ్యగారి భార్య వెళ్ళి కొంగు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది.

వెళ్ళేముందు పెద్దయ్యగారు నన్ను జీపు దగ్గర ఆపి సంగతేమిటని అడిగారు. చెప్పాను. గడియారం చూసుకోవడం మర్చిపోయి విన్నారు. "రెండేళ్ళు నేనే ఆపేశాను" అన్నారు. ఇద్దరం ఆపినవాళ్ళమే.

మళ్ళీ బందరు

తిరుగు ప్రయాణంలో కామారెడ్డిలో బెల్లం కొన్నాను. కరీం భాయి దుకాణంలో ఒక గాలం కొన్నాను. ఎందుకమ్మా అని అడిగితే, బొమ్మ మార్చాలండీ అన్నాను. ఈసారి డబ్బు తీసుకున్నాడు, కానీ దూలానికి వేలాడేవాటిలోంచి మంచిది ఏరి ఇచ్చాడు. పుస్తకంలో లంగరు పక్కనే గాలం బొమ్మ కూడా వేయించాం. పిలాతు పేజీలో దస్తీ పెద్దాయన మాట ఉంది. కమిటీలో మళ్ళీ ఓటు పెట్టించి, కొట్టేసిన మాట తిరిగి చేర్పించాను. అప్పుడూ ముందు చెయ్యెత్తింది నేనే. ఇదేం చోద్యమని వాళ్ళు నవ్వారు.

మొన్న ఆదివారం మా గుడిలో లేచి నిలబడి ప్రమాణం చెబుతున్నాం. పాతాళమునకు దిగెను అన్నాక జనమంతా ముందుకు వెళ్ళిపోయారు. నేను ఆగాను. ఒక ఊపిరి. నా పక్కనున్న రత్నమ్మగారు మోచేత్తో పొడిచి, "మర్చిపోయారా టీచరుగారూ? మూడవ దినమున..." అని చెవిలో అందించింది.

నేను అరచెయ్యి ఎత్తి ఆమె మాట ఆపాను. మా తమ్ముడి కోసం దిగినవాడు ఇంకా పిలవలేదు. ఇంకా రెండు ఊపిర్లు ఉన్నాయి.